వాస్తవ దోషాల పట్టిక

ఎర్లెన్‌గ్రుండ్
2 ఏప్రిల్ 2023, ఆదివారం

రోస్వితా,

రెండు వారాలకోసారి ఆదివారం నాడు మీ అక్క నీకు ఉత్తరం రాసేది. ఈ ఆదివారం ఆమె వంతు. ఇరవై ఆరేళ్ళుగా తప్పని వంతు ఇప్పుడు తప్పడం బాగుండదనిపించి నేను రాస్తున్నాను. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. ఫోన్‌లో మాట్లాడటం అంతకన్నా చేతకాదు.

లిండె పోయి ఇరవై నాలుగు రోజులైంది. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను. ఇల్లు ఇంకా సర్దలేదు.

కళాశాలలో ఆమె క్లాసులు నేనే తీసుకుంటున్నాను. పాత చర్చి కిటికీల గాజు ఎందుకు మసకబారుతుందో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి కనక చెప్పగలను. పగిలిన ముక్కను చేత్తో ఎలా పట్టుకోవాలో చెప్పలేను. విద్యార్థులు మర్యాదగా వింటున్నారు. ఆమె దగ్గర ఇంత మర్యాదగా ఉండేవాళ్ళు కారు. వాదించేవాళ్ళు.

జనవరిలో కోర్సులకు గుర్తింపునిచ్చే మీ నాణ్యతా సంస్థ పంపిన పరిశీలన బృందం వచ్చి వెళ్ళింది కదా. ఇద్దరు ప్రొఫెసర్లు, కిటికీలు బాగుచేసే కంపెనీ నుంచి ఒకాయన, ఒక విద్యార్థిని. ఆ రోజు లిండె మూడు గంటలు స్టూలు మీద కూర్చునే మాట్లాడింది. లేచి నిలబడితే పడిపోతానని ఆమెకు తెలుసు. వాళ్ళకు తెలియనివ్వలేదు.

వాళ్ళ నివేదిక ఎప్పుడొస్తుందో నీకు తెలుసా? ఎనిమిదేళ్ళ గుర్తింపు మళ్ళీ వస్తే ఆమె పెట్టిన కిటికీ గాజు మరమ్మతు కోర్సు నిలుస్తుంది. రాకపోతే ఈ శరదృతువు నుంచి కొత్తవాళ్ళను చేర్చుకోకూడదు. ఉన్నవాళ్ళు చదువు ముగించాక తలుపులు మూస్తారు.

అంతే సంగతులు.
వోల్క్‌మార్

•

కాసెల్
7 ఏప్రిల్ 2023

ప్రియమైన బావా,

కవరు మీద నీ దస్తూరి చూసి మెట్ల మీదే కూర్చుండిపోయాను. పై అంతస్తావిడ "ఆరోగ్యం బాగాలేదా?" అని అడిగింది. "మా బావ ఉత్తరం రాశాడు" అన్నాను. "అయితే అంత భయమెందుకు?" అంది. నిన్ను ఎరగదు పాపం.

"తింటున్నాను" అన్న ఒక్క మాట నేను నమ్మాలా? ఏం తింటున్నావో రాయి. ఉడకబెట్టిన బంగాళాదుంపలు రోజూ తినడాన్ని తిండి అనరు, శిక్ష అంటారు.

నువ్వు అడిగినదానికి జవాబు: చెప్పను. కోపం తెచ్చుకోకు. పదకొండేళ్ళుగా ఈ సంస్థలో పనిచేస్తున్నాను. మీ కళాశాల ఫైలు బల్ల మీదికి వచ్చినప్పుడల్లా నేను లేచి బయటికి వెళ్ళిపోవాలి. బంధువులు ఉన్నచోట మాట కలపనని సంతకం పెట్టాను. కనక ఆ ఫైలు గురించి నాకు రాయకు. నేనూ రాయను. మిగతావన్నీ రాయి.

అక్క బట్టలు సర్దడానికి వస్తానని శ్మశానంలోనే చెప్పాను. నువ్వు పిలవడం లేదు.

నీ మరదలు
రోస్విత

•

ఎర్లెన్‌గ్రుండ్
16 ఏప్రిల్ 2023

రోస్వితా,

సరే. ఆ సంగతి రాయను.

నిన్న కొంచెం మంచు పడింది. మధ్యాహ్నానికి కరిగింది. ఆదివారం కదా అని బంగాళాదుంప ఉండలు చేద్దామని చూశాను. నీళ్ళలో విడిపోయాయి. జావలా తాగాను.

మీ అక్క పని తప్ప నాకు రాయడానికి ఏముందో ఆలోచించాను. పెద్దగా లేదు.

బట్టలకు తొందర లేదు.

వోల్క్‌మార్

•

కాసెల్
21 ఏప్రిల్ 2023

బావా,

అయితే కోపం వచ్చింది. పది వాక్యాలకు ఒక ఉత్తరమట! మంచు పడిందట, కరిగిందట. కోపమొస్తే నువ్వు వాతావరణం చెబుతావని అక్క అనేది. నేను బట్టల గురించి తొందరపెట్టానని అనుకుని ఉంటావు. సరే, అలమర మూసే ఉంచు. ఎన్నాళ్ళయినా ఉంచు.

ఉండలకు పచ్చి తురుము రెండు పాళ్ళు, ఉడికింది ఒక పాలు. తురుము గుడ్డలో వేసి చేతులు నొప్పి పుట్టేదాకా పిండాలి. నీళ్ళు తెర్లకూడదు.

ఇక్కడ మా గోల మాకుంది. మీ అందరికీ పరీక్ష పెట్టే మాకు కూడా పరీక్ష ఉంటుంది, తెలుసా? యూరప్ మొత్తానికి ఒక జాబితా ఉంది. అందులో పేరుంటేనే మేం వేసే ముద్రకు విలువ. ఐదేళ్ళకోసారి మమ్మల్ని తనిఖీ చేయడానికి వేరే దేశాల నుంచి ముగ్గురు వస్తారు. మే నెలలో వస్తున్నారు. మా డైరెక్టరమ్మ నిన్న కాఫీ దగ్గర అంది: "ఐదేళ్ళలో రెండు వందల కోర్సులు చూశాం. కాదన్నవి రెండు. మీరు పరిశీలకులా, మేనమామలా అని అడుగుతారు. ఏం చెప్పను?" ఎవరూ నవ్వలేదు. అందరూ తమ తమ ఫైళ్ళ వంక చూసుకున్నారు.

ఇది మా ఇంటి రోత. నీ ఫైలు సంగతి కాదు. ఊరికే చెప్పాను.

రోస్విత

•

ఎర్లెన్‌గ్రుండ్
30 ఏప్రిల్ 2023

రోస్వితా,

ఉండలు ఈసారి విడిపోలేదు. గట్టిగా వచ్చాయి. చాలా గట్టిగా.

ఇప్పుడు రాయబోయేది రాయకూడదని నాకు తెలుసు. కానీ ఇది ఫైలు సంగతి కన్నా నా సంగతి.

ముసాయిదా నివేదిక వచ్చింది. ముప్పై ఒక్క పేజీలు. మంచి నివేదిక. దానితోపాటు ఒక కాగితం వస్తుందని నీకు తెలుసు. వాస్తవ దోషాల పట్టిక. మూడు గళ్ళు: పేజీ, అక్కడ రాసి ఉన్నది, అక్కడ ఉండవలసినది. వాళ్ళ అభిప్రాయాల గురించి మనం ఏమీ అనకూడదు. వాస్తవాల్లో పొరపాటుంటే మే పదిహేనులోగా రాయాలి. లిండె స్థానంలో సంతకం నాది.

పద్నాలుగో పేజీలో ఇలా ఉంది: "శాశ్వత ప్రొఫెసర్లు ముగ్గురు ఉండాలన్న నిబంధన నెరవేరింది. కోర్సు అధిపతి డాక్టర్ గెర్లిండె హెయ్డర్ ఉండటమే దీని కొనసాగింపుకు హామీ."

ఆ కాగితం తీసుకుని మా ప్రెసిడెంట్ జీలాఫ్ దగ్గరికి వెళ్ళాను.

"పరిశీలన ఏ రోజు జరిగింది?" అన్నాడు.

"జనవరి ఇరవై నాలుగు."

"ఆ రోజు ఆవిడ ఉందా?"

"ఉంది."

"మరి దోషం ఎక్కడుంది హెయ్డర్ గారూ? వాళ్ళు ఆ రోజు చూసింది రాశారు. చూసింది నిజం. మీరు కొత్తగా ఏదైనా రాస్తే ముగ్గురు కాస్తా ఇద్దరవుతారు. ఇద్దరితో ఏ కోర్సూ నిలవదు. ఆవిడ పేరు మీద ఇంకో ఎనిమిదేళ్ళు నడవనివ్వండి. అదొక నివాళి అనుకోండి."

నియమం ప్రకారం ఆయన మాట తప్పు కాదు. నేను చూశాను.

లిండె పోయినట్టు మీ సంస్థలో ఎవరికీ తెలియదని ఈ నివేదిక చదివితే అర్థమైంది. అంటే నువ్వు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా అర్థమైంది. నీకు కృతజ్ఞుణ్ణి. పట్టిక ఖాళీగా పంపిస్తాను.

వోల్క్‌మార్

•

కాసెల్
4 మే 2023

బావా,

నీకేం అర్థమైంది? ఏమీ అర్థం కాలేదు!

నేను దాచానని అనుకున్నావా? బంధువుల ఫారంలో "ఈ కళాశాలలో బంధువు ఉన్నారు" అని మాత్రమే రాస్తాం. పేరు అడగరు. సెలవు ఫారంలో "కుటుంబంలో మరణం" అని రాశాను. అదీ ఎవరని అడగరు. ఆ రెండు కాగితాలూ రెండు అలమరల్లో ఉన్నాయి. కలిపి చూసేవాళ్ళు లేరు. మా అక్క పోయిందని నా పక్క బల్ల వాళ్ళకు చెబితే, నేను ఫైలు గురించి మాట్లాడినట్టే. అందుకని రెండు నెలలుగా నోరు మూసుకున్నాను. ఏడుపొస్తే కింద కాగితాల గదికి వెళ్ళి ఏడ్చాను. దాన్ని నువ్వు కుట్ర అనుకుని కృతజ్ఞతలు చెబుతున్నావు.

నీ పట్టికలో ఏం రాయాలో నేను చెప్పకూడదు. చెప్పను. కానీ నివాళి అట! మా అక్క ఒక గాజు ముక్క కొత్తదైతే మూలన కొత్తదని గీసేది, ఎవరూ పాతదని మోసపోకూడదని. నీకు గుర్తుందో లేదో.

ఆమె పేరు చెరపడం నీ వల్ల కావడం లేదని నాకు తెలుసు. అలమర తెరవనివాడివి. అది వేరు. దానికి నియమాలను అడ్డం పెట్టుకోకు.

ఇంత కటువుగా రాయాలనుకోలేదు. చించి మళ్ళీ రాద్దామంటే పోస్టు డబ్బాలోంచి ఉత్తరాలు తీసే వేళైంది.

రోస్విత

•

ఎర్లెన్‌గ్రుండ్
9 మే 2023

రోస్వితా,

నీ ఉత్తరం శనివారం అందింది. రెండుసార్లు చదివాను.

నిన్న పొద్దున జీలాఫ్‌ను అడిగాను.

"పట్టిక ఖాళీగా పంపితే, లిండె పోస్టుకు ప్రకటన ఎప్పుడిస్తారు?"

"ఏ పోస్టు?"

"లిండె పోస్టు."

"అది ఖాళీ ఎక్కడుంది? నివేదికలో ఆవిడ ఉంది కదా," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "డిజిటల్ డిజైన్‌కు ఒక ప్రొఫెసర్ కావాలి హెయ్డర్ గారూ. రెండేళ్ళుగా అడుగుతున్నారు. మీ క్లాసులు మీరు నడుపుతున్నారుగా," అన్నాడు.

చెడ్డవాడు కాదు. కాగితం మీద కోర్సు ఉంటుంది, పని చెప్పేవాళ్ళు ఉండరు, నాలుగేళ్ళలో నేను రిటైరవుతాను. అదంతా అతను దాచలేదు. నేనే అడగలేదు.

గదికి వచ్చి పట్టిక నింపాను. పేజీ: 14. రాసి ఉన్నది: వాళ్ళ వాక్యం. ఉండవలసినది: "డాక్టర్ గెర్లిండె హెయ్డర్ 9 మార్చి 2023న మరణించారు. పోస్టు ఖాళీగా ఉంది. ఎప్పుడు భర్తీ చేస్తారో కళాశాల ఇంకా చెప్పలేదు."

మూడు వాక్యాలు. మధ్యాహ్నం దాకా పట్టింది. నిన్ననే పోస్టు చేశాను. కాపీ జీలాఫ్ బల్ల మీద పెట్టాను.

దీనితో కోర్సు పోవచ్చు. మీ డైరెక్టరమ్మకు కాదనడానికి ఒకటి కావాలని నువ్వే రాశావు. తెలిసే పంపాను.

వోల్క్‌మార్

•

కాసెల్
9 మే 2023

బావా,

నేను పాడుచేశాను.

ఇవాళ మమ్మల్ని తనిఖీ చేసేవాళ్ళు వచ్చారు. ఉద్యోగులం ఆరుగురం వరసగా కూర్చున్నాం. ఫిన్లండ్ ఆవిడ అడిగింది: "బంధువుల ఫైళ్ళు వస్తే ఏం చేస్తారు? ఉదాహరణ చెప్పండి." అందరూ నియమం చదివారు. ఫలానా సెక్షన్, ఫలానా క్లాజు. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఉదాహరణ అన్నాను," అంది.

నేను చెప్పాను. మా అక్క కోర్సు ఉంది, ఆ ఫైలు వస్తే వసారాలోకి వెళ్ళి నిలబడతాను అని.

"మీ అక్కగారికి అది కష్టంగా ఉండదా?" అంది. ఊరికే, మంచిగా.

"ఆమె మార్చిలో పోయిందండీ," అన్నాను.

బావా, నోట్లోంచి వచ్చేసింది. అడిగితే నిజం చెప్పడం తప్ప ఇంకేం చేయను? మీ ఫైలు చూసే ట్యోనియెస్ నా పక్కనే ఉన్నాడు. తల తిప్పి నా వంక చూశాడు. రెండు అలమరలూ అతని బుర్రలో కలిసిపోయాయి.

నీ గడువు ఇంకా ఆరు రోజులుంది. నువ్వు నీ అంతట చెప్పేవాడివేమో. ఇక ఎవరూ నమ్మరు. మరదలు నోరు జారింది కాబట్టి బావ ఒప్పుకున్నాడంటారు. ఖాళీ పట్టిక పంపి ఉంటే ఇంకా ఘోరం. ఫోన్ చేద్దామనుకుని మూడుసార్లు తీశాను. చేయకూడదు కదా.

నన్ను క్షమించు.
రోస్విత

•

ఎర్లెన్‌గ్రుండ్
13 మే 2023

రోస్వితా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. పట్టిక మీద పోస్టు ముద్ర మే ఎనిమిది. నువ్వు నోరు తెరిచింది తొమ్మిది. ట్యోనియెస్ కవరు పారేయలేదని ఆశిస్తాను.

పారేసినా ఫరవాలేదు. నువ్వు చెప్పింది సరైనదే.

వచ్చే శనివారం వీలుంటే రా. అలమర తెరుద్దాం. ఉండలు నేను చేస్తాను.

వోల్క్‌మార్

•

కాసెల్
1 జూలై 2023

ప్రియమైన బావా,

నిర్ణయం నిన్న అందరికీ తెలిసేలా పెట్టారు కనక ఇక నేను మాట్లాడవచ్చు. నీకూ అంది ఉంటుంది. అయినా నేనే చెబుతాను, రెండు నెలలు ఆగాను.

గుర్తింపు వచ్చింది! ఎనిమిదేళ్ళు. ఒక షరతు: ఖాళీ అయిన ప్రొఫెసర్ పోస్టును అదే విషయంలో బహిరంగంగా ప్రకటించి, పన్నెండు నెలల్లో భర్తీ చేసి, రుజువు పంపాలి. లేకపోతే గుర్తింపు రద్దు.

మామూలుగా నేను వసారాలో పది నిమిషాలు నిలబడతాను. ఈసారి నలభై ఐదు. గోడకున్న అగ్నిమాపక సూచనలు కంఠతా వచ్చేశాయి. లోపల ఏమైందో ఎవరూ చెప్పరు, నేను అడగను. బయటికి వస్తూ ట్యోనియెస్ మాత్రం ఆగి, "కవరు ఫైల్లోనే ఉందండీ," అన్నాడు. అంతకన్నా ఒక్క మాట లేదు. ఆ మనిషిలో ఇంత ఉందని పదకొండేళ్ళలో నాకు తెలియదు.

మీ జీలాఫ్ ముఖం ఎలా ఉందో రాయి.

అలమర సర్దిన రోజు నీ దగ్గరే ఉంచుకోమన్న అక్క నీలం కోటు డబ్బా, నన్ను దింపడానికి వచ్చి మా ఇంట్లోనే మర్చిపోయావు. కావాలనేనా?

రోస్విత

•

ఎర్లెన్‌గ్రుండ్
9 జూలై 2023

రోస్వితా,

కోటు నువ్వు తొడుక్కో. కావాలనే.

జీలాఫ్ షరతు రెండుసార్లు చదివాడు. "బయటివాళ్ళు మన పోస్టులు నిర్ణయిస్తారా?" అన్నాడు. తర్వాత, "డిజిటల్ డిజైన్ వాళ్ళకు మీరే చెప్పండి," అన్నాడు. చెప్పాను. వాళ్ళు మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వాళ్ళ కోపంలో న్యాయముంది. వాళ్ళకూ మనిషి కావాలి.

ప్రకటన నన్ను రాయమన్నారు. ప్రతి జతచేశాను. అరపేజీకి మించకూడదట. రెండున్నర పేజీలైంది. ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు.

వోల్క్‌మార్

•

కాసెల్
14 జూలై 2023

బావా,

ఇది ఉద్యోగ ప్రకటన కాదు. మా అక్క.

"సీసం పట్టీలు పోయగలగాలి, మధ్యయుగపు లాటిన్ చదవగలగాలి, పాదుర్లతో బేరమాడగలగాలి" వరకూ సరే. "నవ్వుతూ కాదనగలగాలి" అన్నావు. అది ఏ విశ్వవిద్యాలయంలో నేర్పుతారు? "చలిలో పరంజా మీద పాట పాడే అలవాటు అభిలషణీయం." బావా! అభిలషణీయమట! దీనికి దరఖాస్తు పెట్టేవాళ్ళు భూమ్మీద లేరు. ఉన్న ఒక్కతీ పెట్టలేదు.

రెండో పేజీ మొత్తం కొట్టేశాను. మొదటి దాంట్లో సగం. కొట్టేసినవాటిని పారేయలేదు. ఆ కాగితం నా దగ్గర ఉంటుంది. నీకు కావలసినప్పుడు అడుగు.

ఈ అరపేజీ పంపు. వచ్చేవాళ్ళు మా అక్కలా ఉండరు. ఉండనివ్వు.

రోస్విత

•

ఎర్లెన్‌గ్రుండ్
10 డిసెంబరు 2023

రోస్వితా,

తొమ్మిది దరఖాస్తులొచ్చాయి. ముగ్గుర్ని పిలిచాం. మొన్న గురువారం వాళ్ళ నమూనా పాఠాలు. ఎంపిక సంఘంలో ఐదుగురం. జీలాఫ్ అధ్యక్షుడు. విద్యార్థులూ వచ్చారు. ఈ ఏడు చేరిన ఎనిమిది మందీ ముందు వరసలో కూర్చున్నారు.

మొదటి ఇద్దరూ లిండెను పొగిడి మొదలుపెట్టారు. బాగా చెప్పారు. ఒక్కటీ గుర్తులేదు.

మూడో ఆవిడ బోహీమియా నుంచి వచ్చింది. బ్లాంకా రీహోవా. నలభై ఏళ్ళుంటాయి. పొట్టిగా ఉంటుంది. వేలికి కట్టు ఉంది. పాఠం పేరు "మరమ్మతుల్లో పొరపాట్లు". తెర మీద మొదటి బొమ్మ హోల్‌స్టెట్ చర్చి ఉత్తరపు కిటికీ. లిండె 1998లో బాగుచేసింది.

"ఈ నీలం ముక్క చూడండి. రంగుతో గీసిన వైపు ఎప్పుడూ లోపలికి ఉండాలి. ఇది బయటికి తిరిగి ఉంది. పాతికేళ్ళ వానకు గీతలు సగం పోయాయి. చేసినవారు చాలా గొప్పవారు. అందుకే ఇది చూపిస్తున్నాను," అంది.

అందరూ నా వంక చూశారు. చేసినదెవరో ఆవిడకూ తెలుసు, నేనెవరో మాత్రం తెలియదు. జీలాఫ్ ఆవిడకు కళ్ళతో ఏదో సైగ చేశాడు.

నేను లేచాను. "మీరు చెప్పింది నిజం," అన్నాను. "పరంజా విప్పిన మర్నాడు ఆమెకు తెలిసింది. కింద నిలబడి చూసి, కారులో నాకు చెప్పింది. మళ్ళీ పరంజా కట్టించమని అడగలేకపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా అటు తల తిప్పేది కాదు. నేను తప్ప ఎవరికీ తెలియదు."

ఇరవై ఐదేళ్ళు ఎవరికీ చెప్పని మాట. నీక్కూడా చెప్పి ఉండదు.

బ్లాంకా ముఖం ఎర్రబడింది. క్షమించమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "అయితే అది ఇంకా ఆవిడ పని. మధ్యలో ఆగింది," అంది. "నాకు ఈ ఉద్యోగమిస్తే మే నెలలో పరంజా కట్టించి ఆ ముక్క తిప్పుతాను. పోయిన గీతలు పోయినట్టే. ఉన్నవి మిగులుతాయి. నలుగురు కావాలి."

ఎనిమిది మందీ చేతులెత్తారు. ఒకమ్మాయి, "ముక్క తీసేటప్పుడు పక్కవి కదలవా?" అని అడిగింది. ఇంకొకతను కదలవన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. బ్లాంకా ఎవర్నీ ఆపలేదు. జీలాఫ్ గడియారం చూపించి, "ఇంకా ఆవిడకు ఉద్యోగం ఇవ్వలేదు నాయనా," అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఆ గదిలో అంత గోల విని ఏడాదైంది.

విద్యార్థులను పంపించాక ఓటు. జీలాఫ్ నా వైపు చూడకుండా, "రీహోవా పేరుకు ఎవరెవరు?" అన్నాడు. నేను మొదట చెయ్యెత్తాను. తర్వాత మిగతావాళ్ళు.

రుజువు పత్రం మీ సంస్థకు జనవరిలో పంపుతాం. అప్పుడు మళ్ళీ నువ్వు వసారాలో నిలబడాలి.

మే నెలలో హోల్‌స్టెట్‌కు రా. పరంజా మీదికి మనల్ని ఎక్కనివ్వరు. కింద నిలబడి చూద్దాం.

వోల్క్‌మార్